మన చెత్తబుట్టలో బగ్ ఎక్కడుంది?

కంప్యూటర్స్ చదివిన వాళ్లెవరికైనా మొదటి సెమిస్టర్‌లోనే చెవిన పడే మాట ఒకటుంది: గార్బేజ్ ఇన్, గార్బేజ్ అవుట్. లోపలికి చెత్త పంపితే బయటికీ చెత్తే వస్తుంది, మధ్యలో ఉన్న ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా సరే. మా వృత్తిలో అది డేటా గురించి చెప్పే మాట. కానీ నిజం చెత్తకు కూడా అది అక్షరాలా సరిపోతుంది. రీసైక్లింగ్ ప్లాంటులో కోట్ల రూపాయల మెషీన్ ఉండొచ్చు. దాని దాకా చేరేది సాంబారులో నానిన అట్టపెట్టె, మెతుకులు అంటుకున్న పెరుగు డబ్బా అయితే ఆ మెషీన్ మాత్రం ఏం చేస్తుంది?

రీసైక్లింగ్ అనగానే మనందరికీ ముందు గుర్తొచ్చేది ప్లాస్టిక్. గుడ్డ సంచి పట్టుకెళ్లాలి, స్ట్రాలు మానేయాలి... ఇవన్నీ మంచివే. కానీ మన ఇంటి చెత్త వరకు చూస్తే అసలు బగ్ ప్లాస్టిక్‌లో లేదు. తడిలో ఉంది. తడి చెత్త పొడి చెత్తతో కలవకుండా చూసుకుంటే మిగతా సమస్యలు చాలావరకు చిన్నవైపోతాయి. ఎలాగో చూద్దాం.

ముందు లాగ్స్ చూడాలి

బగ్ సరిచేసే ముందు లాగ్స్ చూడటం మాకు అలవాటు. అందుకే ఒక వారం పాటు మా ఇంటి చెత్తను తూకం వేశాను. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, మా ఆవిడ, మా అమ్మ. ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు సూట్‌కేసు బరువు చూసుకునే చిన్న డిజిటల్ కాటా ఉంటుంది కదా, దానికి కవరు తగిలించి రోజూ రాత్రి ఫోన్‌లో రాసుకున్నా.

వారానికి మొత్తం 11.2 కిలోలు తేలింది. అందులో కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం, దేవుడి పూలు కలిపి 7.4 కిలోలు. పేపర్లు, అట్టపెట్టెలు, పాల ప్యాకెట్లు, సీసాలు, రేపర్లు 2.3 కిలోలు. శానిటరీ ప్యాడ్లు, ఇల్లు ఊడ్చిన దుమ్ము, టిష్యూలు వగైరా 1.5 కిలోలు.

అంటే మూడింట రెండు వంతులు తడి చెత్తే! మా ఇల్లేం ప్రత్యేకం కాదు. మన దేశంలో నగరాల చెత్తలో దాదాపు సగం ఇలా కుళ్లిపోయే పదార్థమే. రోజూ వండుకు తినే ఇళ్లలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. మీ ఇంట్లో కూడా ఒక వారం తూకం వేసి చూడండి. ఖర్చేమీ లేదు, లెక్క మాత్రం కళ్లు తెరిపిస్తుంది.

తడి కలిస్తే ఏమవుతుంది?

ఒక కవరులో పొడి అట్టముక్క, దాని మీద నిన్నటి పప్పు. అట్ట పప్పు నీళ్లు పీల్చుకుంటుంది. రీసైకిల్ అంటే కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, గుజ్జు చేసి, ఆ పీచుతోనే మళ్లీ కాగితం చేయడం. నీళ్లు ఫరవాలేదు కానీ నూనె ఉంటే పీచు ఒకదానికొకటి సరిగ్గా అతుక్కోదు. నూనె మరకల పిజ్జా డబ్బా కాగితపు మిల్లుకు పనికిరానిది అందుకే. పప్పులో నానిన అట్ట ఒక్క రోజులో బూజు పడుతుంది. అప్పటిదాకా డబ్బులొచ్చే వస్తువు, ఆ క్షణం నుంచి ఉత్త చెత్త.

ఇక ఆ కవరును ముడి వేసేస్తాం. లోపల గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్లబెట్టే బ్యాక్టీరియా వేరే రకం. ఆ ముక్కు పగిలే వాసన వాటి పనే. డంపింగ్ యార్డులో టన్నుల కొద్దీ చెత్త కింద కూడా ఇదే జరుగుతుంది. అక్కడ మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా మీథేన్ దాదాపు 28 రెట్లు బలమైనది. చెత్తగుట్టల్లోంచి నల్లగా కారే నీటిని లీచేట్ అంటారు. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పోగైన గుట్టను పైనుంచి కప్పేశారు. కానీ ఆ లీచేట్ వల్ల దిగువనున్న మల్కారం చెరువు ఎంత పాడైందో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లను అడిగితే చెప్తారు.

'చెత్తను కాల్చి కరెంటు తీయొచ్చు కదా' అంటారా? జవహర్‌నగర్‌లో 24 మెగావాట్ల ప్లాంటు ఉంది. కానీ ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ఒకసారి గుర్తు చేసుకోండి. మరిగే నీటిని కిలో ఆవిరి చేయడానికే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీరే. చెత్త ఎంత తడిగా ఉంటే, అది మండగా వచ్చిన వేడిలో అంత భాగం ఆ నీటిని ఆరబెట్టడానికే పోతుంది.

ఆటో అక్క చెప్పిన లెక్క

మా అపార్ట్‌మెంట్‌కు పొద్దున్నే చెత్త ఆటో వస్తుంది. భర్త ఆటో నడుపుతాడు, భార్య వెనకాల నిలబడి కవర్లు విప్పి ఏరుతుంది. ఈ పనిలో చాలా కుటుంబాల ఆదాయం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నెల నెలా ఇళ్లవాళ్లు ఇచ్చే డబ్బు. రెండోది ఏరిన పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బు. రెండోదాని గురించి ఒకరోజు ఆమెను అడిగాను.

"అక్కా, మా అపార్ట్‌మెంట్ నుంచి అట్టలు బాగానే వస్తాయా?"

"వస్తయ్ సార్, కానీ సగం తడిసిపోయే వస్తయ్. తడిసిన అట్టను ఎవడు కొంటడు? ఎండబెడ్దామంటే జాగ ఎక్కడిది?" అంది. ఆగి, "జర సీసా పెంకులు వేరే కట్టియ్యుమని చెప్పుండ్రి మీవోళ్లకు. మొన్న చెయ్యి తెగింది" అని అరచెయ్యి చూపించింది. బొటనవేలి కింద రెండంగుళాల గాటు. పైన కట్టిన గుడ్డ కూడా ఏరిన బట్టలోదే అనుకుంటా.

మనం వంటింట్లో ఐదు సెకన్లు ఆదా చేసుకుంటే, ఆ ఐదు సెకన్ల పని ఇంకొకరి చేతుల మీద పడుతుంది. వందల ఇళ్ల కవర్లు, ఒక్క జత చేతులు. పైగా ఆమెకు దక్కాల్సిన అట్ట డబ్బులు మన పప్పు నీళ్లలో కొట్టుకుపోతాయి. చెత్త వేరు చేయడం పర్యావరణం కోసం అని చెప్తుంటారు. నాకైతే ఆ అరచెయ్యి చాలు.

చెత్త ఏరేవాళ్లను వ్యవస్థలో భాగం చేసుకున్న ఊళ్లున్నాయి. పుణెలో 'స్వచ్ఛ్' అనే సహకార సంఘం ఉంది. చెత్త ఏరుకునేవాళ్లే అందులో సభ్యులు. 2008 నుంచి వాళ్లు అక్కడి కార్పొరేషన్‌తో ఒప్పందం మీద ఇంటింటి చెత్త సేకరిస్తున్నారు. అక్కడైనా ఇక్కడైనా ఇంటివాళ్లు వేరు చేసి ఇస్తేనే ఆ చేతులకు కాస్త సుఖం.

'ఎలాగూ కలిపేస్తారు కదా!'

ఈ మాట మీరు వినే ఉంటారు. మా ఫ్లోర్‌లో ఉండే అంకుల్ నాతో అన్నదీ అదే. "బాబూ, నువ్వు పైన ఎంత వేరు చేసినా కింద అన్నీ ఒకే ఆటోలో పడేస్తారు. ఎందుకీ ప్రయాస?"

ఆయన మాటలో అబద్ధం లేదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ప్రతి ఇల్లూ చెత్తను తడి, పొడి, హానికర చెత్తగా మూడు రకాలు చేసి ఇవ్వాలన్నాయి. హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. మా బంధువుల ఇంట్లో ఇప్పుడు ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఇంకోదాంట్లో చెప్పులు ఉంటాయి! చాలాచోట్ల పరిస్థితి అదే.

కానీ అంకుల్ లెక్కలో ఒక చిన్న లోపముంది. ఇంట్లోంచి చెత్త బయటికి వెళ్లే దారి ఆటో ఒక్కటే అని ఆయన అనుకుంటున్నారు. నిజానికి దారులు మూడు. తడి చెత్త బాల్కనీలోనే ఎరువు కావచ్చు. పొడి చెత్త నేరుగా పాత సామాన్లాయనకు వెళ్లొచ్చు. ఈ రెండూ పోగా మిగిలిందే ఆటోకు. మొదటి రెండు దారులూ పూర్తిగా మన చేతిలోనే ఉన్నాయి. ఆటోలో కలపడానికి తడే లేకపోతే ఎవరు మాత్రం ఏం కలుపుతారు?

మా ఇంట్లో ఇప్పుడు 7.4 కిలోల తడి చెత్త బయటికి వెళ్లదు. పొడిలో సుమారు 1.7 కిలోలు అమ్ముడుపోతుంది. ఆటోకు వెళ్లేది వారానికి రెండు కిలోల చిల్లర. 11 కిలోల నుంచి 2 కిలోలకు!

బకెట్‌లో పెంటకుప్ప

"ఇదేం కొత్త విద్యరా? మన దొడ్లో పెంటకుప్పే కదా ఇది. దీనికి మళ్లీ యూట్యూబ్‌లో వీడియోలు చూడాలా?" కంపోస్ట్ బకెట్ చూసి మా అమ్మ అన్న మాట ఇది. నిజమే. ఊళ్లో తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు, గంజి గేదెల కుడితి తొట్టిలోకి వెళ్లేవి. పేడా ఆకులూ పెంటకుప్పలోకి, అక్కడ్నుంచి పొలానికి. తడి చెత్త అనే మాటే అవసరం రాలేదు. అపార్ట్‌మెంట్‌లో గేదె లేదు కాబట్టి దాని పని బకెట్ చేస్తుంది.

కావాల్సినవి: మూతలున్న 20 లీటర్ల పాత పెయింట్ బకెట్లు నాలుగు. బాగా కడిగి పక్కలకు, అడుగున చిన్న చిన్న రంధ్రాలు చేయాలి. కింద ఒక ప్లేటు. నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు లేదా ఎండుటాకులు. మొదట్లో ఒక గ్లాసు పుల్లటి మజ్జిగ లేదా గుప్పెడు పాత ఎరువు.

చేసే పద్ధతి: అడుగున రెండంగుళాల కొబ్బరి పొట్టు పరవండి. రోజూ తొక్కలను చిన్న ముక్కలు చేసి వేసి, పైన గుప్పెడో రెండు గుప్పెళ్లో పొట్టు చల్లండి. తొక్కలు కనిపించకుండా కప్పడమే మంత్రం. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపండి, గాలి ఆడాలి. బకెట్ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. మాకు ఒక్కోటి రెండు వారాలకు నిండుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిది పక్కన పెట్టి ఆరు వారాలవుతుంది, అప్పటికి అది ఎరువైపోయి ఖాళీకి సిద్ధం. మా భాషలో దీన్ని రౌండ్ రాబిన్ అంటారు.

సమస్య వస్తే:
వాసన వస్తోందా? తడి ఎక్కువైంది, గాలి తక్కువైంది. పొట్టు వేసి కలపండి.
చీమలు పట్టాయా? మరీ పొడిగా ఉంది. కాసిన్ని నీళ్లు చిలకరించండి.
తెల్లటి బూజు వచ్చిందా? మంచిదే. అది కుళ్లబెట్టే పని చేస్తోంది.
పురుగులు కనిపించాయా? అవీ తినడానికే వచ్చాయి. హాని లేదు. చూడలేకపోతే పొట్టు మందంగా కప్పండి.

పిడికిట్లో పట్టి పిండితే చేయి తడవాలి, నీళ్లు మాత్రం కారకూడదు. ఆ తేమ సరిపోతుంది. చేపలు, మాంసం, ఎముకలు, నూనె ఎక్కువున్న కూరలు కొత్తల్లో వేయకండి. రెండు నెలలకు చేతికొచ్చేది నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. మా అమ్మ దాంతో బాల్కనీలో పచ్చిమిర్చి, పుదీనా పెంచుతోంది. మొక్కలు లేనివాళ్లు కాలనీ పార్కులో వేసినా చాలు.

పాత సామాన్లాయన ఏం కొంటాడు?

'పాత పేపర్లు కొంటాం, ఇనప సామాన్లు కొంటాం' అని రికార్డు వేసుకుని తిరిగే బండిని మించిన రీసైక్లింగ్ యాప్ నేనింకా చూడలేదు. తను కొనే వస్తువుకు అవతల కొనేవాడు ఉన్నాడు కాబట్టే ఆయన కొంటాడు. అందుకే ఏది రీసైకిల్ అవుతుందో తెలియాలంటే ప్యాకెట్ మీద గుర్తు కన్నా ఆయన మాట నమ్మడం మేలు.

న్యూస్‌పేపర్లు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు, స్టీలు, రాగి, అల్యూమినియం క్యాన్లు బాగా పోతాయి. అల్యూమినియం అయితే మరీ విలువైనది. ఖనిజం నుంచి తీయడానికి పట్టే కరెంటుతో పోలిస్తే పాతది కరిగించి మళ్లీ చేయడానికి దాదాపు 95 శాతం తక్కువ శక్తి చాలు. పాల ప్యాకెట్లు కూడా పోతాయి, కడిగి ఆరబెడితే. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్కను పూర్తిగా ఊడిరానివ్వకండి. ఆ చిన్న ముక్కలను ఏరడం ఎవరివల్లా కాదు, అవి కాలువల్లోకే పోతాయి.

పోనివి: చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు. వీటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అతికించి ఉంటాయి. విడదీయడం ఖర్చుతో కూడిన పని. టీ తాగే పేపర్ కప్పు లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. సూపర్ మార్కెట్ బిల్లు మీద రసాయనం పూత ఉంటుంది కాబట్టి దాన్ని పేపర్లలో కలపొద్దు.

మరి ప్లాస్టిక్ మీద ఉండే త్రికోణం? అది రీసైకిల్ అవుతుందని ఇచ్చే హామీ కాదు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టుకున్న గుర్తింపు నంబరు అది. లోపలి అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెప్తుంది. 1 అంటే నీళ్ల సీసాల పెట్, 2 అంటే షాంపూ డబ్బాల గట్టి ప్లాస్టిక్, 5 అంటే పార్సిల్ డబ్బాల పాలీప్రొపిలీన్. వీటికి గిరాకీ ఉంటుంది. 6 థర్మాకోల్ రకం, 7 'ఇతరాలు'. ఈ రెండింటినీ కొనేవాళ్లు అరుదు.

మూడో సంచి

మిగిలిన రెండు కిలోల్లోనే అసలు ప్రమాదం ఉంటుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టండి. ఏరేవాళ్లు విప్పకుండానే తెలుసుకుంటారు. పగిలిన గాజు, బ్లేళ్లు మందపాటి అట్టలో చుట్టి టేపు వేసి, 'గాజు' అని పెద్దగా రాయండి. మా ఆటో అక్క అడిగింది అంతే.

పాత ఫోన్లు, పవర్‌బ్యాంకులు, ఇయర్‌బడ్స్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెత్తలో వేయొద్దు. చెత్త లారీలో అన్నీ కలిపి నొక్కేస్తారు. లిథియం బ్యాటరీ నలిగితే మంటలొస్తాయి. ఉబ్బిన పవర్‌బ్యాంకుకైతే ఇంకా జాగ్రత్త కావాలి. ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రాలకే ఇవ్వండి. ఫోన్ ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మర్చిపోవద్దు.

రాకుండా చూసుకుంటే ఇంకా హాయి

చెత్త వేరు చేయడం కన్నా తేలికైన పని, అసలు ఇంట్లోకి రానివ్వకపోవడం. ఫుడ్ యాప్‌లలో స్పూన్లు వద్దు అనే ఆప్షన్ ఎంచుకోండి. ఇంటి దగ్గరి టిఫిన్ సెంటర్‌కు స్టీలు డబ్బా పట్టుకెళ్లండి, చట్నీ కూడా రెండు గరిటెలు ఎక్కువే పడుతుంది! సాషేల బదులు పెద్ద డబ్బా కొంటే ఖాళీ అయ్యాక అదైనా అమ్ముడుపోతుంది. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు పెట్టారు. విందులకు కావాల్సిన ప్లేట్లు, గ్లాసులు అక్కడ తీసుకుని, వాడి, తిరిగిచ్చేయొచ్చు. ఇదీ మనకు కొత్తేం కాదు. ఊళ్లో పెళ్లంటే గుండిగలు, గంగాళాలు అలా తెచ్చుకునే కదా చేసేవాళ్లు.

ఇండోర్ ఇలాగే చేసింది

ఇండోర్ స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి 2023 వరకు మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ ఇళ్ల దగ్గరే చెత్తను ఆరు రకాలుగా వేరు చేసి తీసుకుంటారు. 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో బయో-సీఎన్‌జీ తయారు చేసే ప్లాంటు అక్కడ మొదలైంది. ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుస్తున్నాయి. అలాంటి ప్లాంటుకు ప్లాస్టిక్ కలవని తడి చెత్త కావాలి. ప్లాంటు కట్టడం ప్రభుత్వం పని. కానీ దానిలోకి వెళ్లే ఇన్‌పుట్ మన వంటింట్లోనే తయారవుతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లుంటే ఇప్పటికి తడి వేరు చేస్తున్నవి 9. అంకుల్ ఇంకా అందులో లేరు. కానీ ఆయన ఇంటి నుంచి అట్టపెట్టెలు మాత్రం ఈమధ్య పొడిగా, కట్ట కట్టి వస్తున్నాయని ఆటో అక్క చెప్పింది. నాకిది చిన్న విషయంగా అనిపించలేదు.

మీరు అన్నీ ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ఈ ఆదివారం సింక్ పక్కన మూత ఉన్న ఒక డబ్బా పెట్టండి. తొక్కలు, టీ పొడి, మెతుకులు అందులోకే వెళ్లాలి. ఇంకేదీ అందులో పడకూడదు, అవి ఇంకెక్కడా పడకూడదు. బకెట్, కంపోస్ట్, త్రికోణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తడిని విడదీయండి.